కోటు ఏం చేసింది?

మా కోళ్ళ షెడ్డులోకి వెళ్ళేముందు తలుపు తట్టాలి. నవ్వకండి. యజమానైనా, కరెంటు పనివాడైనా, చెత్త ఎత్తే మనిషైనా సరే, వేళ్ళతో టకటకా కొట్టి, కాస్త ఆగి, అప్పుడు తలుపు తియ్యాలి. ఆ చప్పుడుకి కోళ్ళు తలలెత్తి చూసి, ఎవరో వస్తున్నారని తెలుసుకుని, మళ్ళీ తమ పనిలో పడతాయి. తట్టకుండా తీశారో, ఇక అంతే! వేలకి వేల కోళ్ళు ఒక్కసారిగా లేచి అవతలి గోడకేసి పరుగెడతాయి. పనిలో చేరిన కొత్తలో నాకు ఒళ్ళు మండింది. "పెళ్ళప్పుడు నన్నే ఎవరూ ఇష్టమేనా అని అడగలేదు, ఈ కోళ్ళ దగ్గర మాత్రం నేను అనుమతి తీసుకోవాలా?" అన్నాను. తోటి ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

తట్టడం ఒక్కటే కాదు. అందరం ఒకే నీలం చొక్కా తొడుక్కోవాలి. తుమ్మొచ్చినా బయటికొచ్చి తుమ్మాలి. గుడ్లు పెట్టే కోడికి కొత్త రంగు పడదు, కొత్త మొహం పడదు, కొత్త చప్పుడు పడదు. బయట నా నోటికి అడ్డూ ఆపూ లేదు గానీ, షెడ్డులో మాత్రం పిల్లిలా తిరిగేదాన్ని. కోళ్ళ దగ్గర పిల్లి పేరెత్తకూడదనుకోండి, అయినా అదే నిజం.

మా సూపర్‌వైజరుని మేం ఉరుము అంటాం. ఉరమడమే గానీ కురిసింది ఎప్పుడూ లేదు. ఒక వానరోజు సాయంత్రం ఈ ఉరుము కొత్త రెయిన్‌కోటు వేసుకొచ్చాడు, పసుప్పచ్చది, కళ్ళు జిగేలుమనేట్టు. కోళ్ళు దీపాలార్పిన చీకట్లో ఉన్నాయి కదా అని లోపలికొచ్చి, ఫ్యాన్లు చూసి, కోటు తలుపు పక్కన మేకుకి తగిలించి, మరిచిపోయి వెళ్ళిపోయాడు.

తెల్లారి దీపాలు వాటంతటవే వెలిగాయి. మేం తట్టి లోపలికి వెళ్ళేసరికి షెడ్డు సగం ఖాళీగా ఉంది. కోళ్ళన్నీ అవతలి మూలన గుట్టగా పడి ఉన్నాయి, నా నడుమెత్తున. పైవాటిని తీసి విసిరితే అవి రెక్కలు దులుపుకుని లేచాయి. వాటి కిందవి కొన ఊపిరితో ఉన్నాయి. అడుగున ఉన్నవి చదునుగా అణిగిపోయి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. వందల కోళ్ళు. ఒక్కదాని మీద గాటు లేదు, నెత్తురు చుక్క లేదు. బుట్టలకెత్తుతుంటే నాకు ఏడుపొచ్చింది. రోజూ మేత పోసిన చేతులు కదా ఇవి.

ఉరుము అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "పిల్లి దూరిందా? నక్కొచ్చిందా? తట్టకుండా ఎవరొచ్చారు?" అంటూ అందర్నీ వదిలేసి నా మొహంలోకే చూశాడు.

"నా వంక చూస్తారేంటి? నా మొహం చూసి చస్తే ఈపాటికి మీరే పోయుండాలి" అన్నాను.

కోళ్ళ డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, మాట నెమ్మది. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. నేల మీద పరిచిన పొట్టులో చతికిలబడి, తల కోడి ఎత్తుకి దించి, చుట్టూ చూసింది. చూసి చూసి మేకు వైపు వేలు చూపించింది.

"అదిగో. అదీ ఒత్తిడి కారకం."

"కోటా? కోటు ఏం చేసిందండీ?" అన్నాడు ఉరుము.

"ఏమీ చెయ్యలేదు. కారకం ఏమీ చెయ్యక్కర్లేదు. అక్కడ ఉంటే చాలు."

"మరి వీటిని చంపిందెవరు?" అన్నాను నేను.

"ఎవరూ చంపలేదమ్మా. భయపడి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అడుగున చిక్కినవాటికి ఊపిరాడలేదు, అంతే." పొట్టు దులుపుకుంటూ లేచింది. "మనుషులం కూడా ఇంతే. 'టెన్షన్‌గా ఉంది' అంటాం, అదేదో జ్వరం అయినట్టు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఇవన్నీ ఒత్తిడి. దాన్ని పుట్టించింది వేరే ఉంటుంది, అది కారకం. ఒత్తిడికి మాత్రలు మింగుతాం గానీ, కారకం ఎక్కడుందో తలెత్తి చూడం. చూసినా, అది ఏమీ చెయ్యడం లేదు కదా అని వదిలేస్తాం."

ఉరుము తేలు కుట్టిన దొంగలా కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆ మాట మాకు భలే నచ్చేసింది. ఉరుము దూరంగా కనిపిస్తే చాలు, "కారకం వస్తోందే, సర్దుకోండి" అనేవాళ్ళం. ఒకావిడకి అత్తగారు కారకం, ఇంకొకావిడకి బస్సు కండక్టరు కారకం. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వాను. నా కారకం ఎవరో మాత్రం చెప్పలేదు. నోరు తెరవడానికి భయమేసింది. నాకు! నాకు భయమంటే ఎవరు నమ్ముతారు?

చెప్తాను. మేముండేది మా బావగారింట్లో. మా ఆయన గోడౌన్లో బస్తాలెత్తుతూ నడుం విరగ్గొట్టుకున్నాక అద్దె కట్టలేక, పిల్లని తీసుకుని వాళ్ళన్నయ్య పంచన చేరాం. బావగారు గడియారాలు బాగుచేస్తారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. వీధి వైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద చీమకాళ్ళంత మరలు, పళ్ళచక్రాలు. ఒక కంటికి భూతద్దం బిగించుకుని పొద్దుట్నించి పొద్దుగూకేదాకా వంగి కూర్చుంటారు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయే సామాను అది, నిజమే.

ఆయన ఎప్పుడూ ఎవర్నీ ఒక మాట అనలేదు. చెయ్యెత్తడం మాట అటుంచి, గొంతెత్తడం కూడా నేనెరగను. నచ్చని చప్పుడేదైనా వినబడితే ఆయన చేసేది ఒక్కటే. కంటి అద్దం తీసి బల్ల మీద పెడతారు. టక్. పెట్టి, ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటారు. అంతే.

ఆ టక్‌తో ఇల్లంతా బిగుసుకుపోయేది. మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడుకి కూడా మంట తగ్గించేది. మా ఆయన కుళాయి సన్నగా తిప్పి, గిన్నెలో గుడ్డ వేసి, దాని మీద నీళ్ళు పట్టేవాడు. తలుపు బందులకి వారం వారం నూనె. ఇవన్నీ ఎవరు పెట్టిన రూళ్ళో ఎవరికీ తెలియదు. బయట అంత వాగే నేను ఆ గడప దాటి లోపలికొస్తే కుక్కిన పేను.

మా పిల్లకి ఆరేళ్ళు. గింజంత తింటుందని పిచ్చుక అంటాం. దానికి పుట్టుకతో ఉబ్బసం. చల్లగాలి తగిలినా, దుమ్ము రేగినా, దిగులేసినా గొంతులో ఈల మొదలవుతుంది, ఆ వెనకే దగ్గు. నోట్లోకి కొట్టుకునే మందుంది, కానీ అది కూడా బుస్సుమంటుంది కదా. అందుకని పిచ్చుక తనంతట తనే ఒక ఉపాయం నేర్చుకుంది. దగ్గు రాగానే పరిగెత్తి దిండులో మొహం దాచుకుని దగ్గడం. దిండు అందకపోతే నా నడుములో. నేనూ దాని తల నొక్కిపట్టేదాన్ని. "బంగారు తల్లి, చప్పుడే చెయ్యదు" అని అక్క మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను. సిగ్గు లేకుండా మెచ్చుకున్నాను.

కోటు సంగతి జరిగిన రెండోరోజు వంటింట్లో అక్కకి ఆ కథంతా గుసగుసగా చెప్పాను. కారకం అన్న మాట చెప్పాను. చెప్పి ముందుగది వైపు కళ్ళు తిప్పాను. ఏదో సరదాకి అన్నట్టే.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవర్నే నువ్వంటున్నది?"

"ఎవర్నీ కాదు అక్కా."

"నీడనిచ్చిన మనిషిని పట్టుకుని ఏం మాటలవి? ఆయన నిన్ను ఏనాడైనా ఒక్క మాటన్నారా? నీ పిల్లని కసిరారా?"

"లేదు."

"మరి ఏం చేశారు?"

ఏం చేశారని చెప్పను? కోటు ఏం చేసింది?

రాత్రి పక్కమీద మా ఆయన్ని కదిపాను. "ఏవండీ, కోళ్ళ ఫారం గేటు దగ్గర వాచ్‌మన్ గది ఖాళీగా ఉంది. రేకుల కప్పు, ఒకటే గది. పనివాళ్ళకి ఇస్తానంటున్నాడు ఉరుము. పోదామా?"

"మతి గానీ పోయిందా? అన్నయ్య నొచ్చుకోడూ?"

"పిల్లకి రోజురోజుకీ ఎక్కువవుతోందండీ. మీరు వినడం లేదా?"

"వినపడటం లేదు కదే. తగ్గినట్టే ఉంది."

వినపడకుండా దగ్గుతోంది కాబట్టి వినపడదు. ఆ మాట మింగేశాను. ఆయన అటు తిరిగి, "అసలు అన్నయ్య మనల్ని ఏం చేశాడు చెప్పు. ఒక్కటి చెప్పు, రేపే పోదాం" అన్నాడు. ఒక్కటి దొరకలేదు. ఆ పూట నన్ను నేనే తిట్టుకున్నాను, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానేమో అని.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరం ఉన్నాం. బావగారు ఎవరిదో పాతకాలపు చేతిగడియారం విప్పి కూర్చున్నారు. పొద్దున్నించి కిటికీ రెక్కలు కూడా మూసేశారు, గాలికి చక్రాలు కదులుతాయని. ఇంట్లో గాలి ఆడక ఉక్కగా ఉంది. పిచ్చుక మధ్యగదిలో బొమ్మలు గీసుకుంటోంది. ఉన్నట్టుండి దాని గొంతులో ఈల మొదలైంది. ఆ వెంటనే దగ్గు. దిండు అందలేదు. గదంతా ఖంగుమంది. మళ్ళీ ఇంకోటి.

ముందుగదిలో టక్.

తరవాత జరిగినదాంట్లో ఎవరూ ఆలోచించి చేసింది లేదు. నేను పిల్లని చంకనేసుకుని పరిగెత్తాను, ముందుగదికి బాగా దూరంగా, ఇంటి చివర సామాన్ల గదిలోకి. బొంతలూ పరుపులూ గుట్టపోసి ఉండే గది. మూలన కూలబడి దాన్ని ఒళ్ళోకి లాక్కుని పైన బొంత కప్పాను. నా వెనకే మా ఆయన వచ్చి తలుపు మూసి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇంతలో అక్క తోసుకుంటూ లోపలికి దూరింది. "ష్, ష్, ఒక్క నిమిషం ఓర్చుకోవే తల్లీ" అంటూ ఇంకో బొంత లాగి మా మీద వేసి, తనూ పైన వంగింది. నేను పిచ్చుక నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాను. "చప్పుడు చెయ్యకమ్మా, బంగారం కదూ, చప్పుడు చెయ్యకు." దగ్గు నా అరచేతిలో వేడిగా కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. తరవాత ఆగిపోయింది.

"అమ్మయ్య, తగ్గింది" అంది అక్క.

పిల్ల నా ఒళ్ళో బరువెక్కింది. ఆ బరువు నాకు తెలుసు. వారం కింద ఈ చేతులతోనే ఎత్తాను, వెచ్చగా, మెత్తగా, ఒక్క గాటు లేకుండా. బొంత పక్కకి నెట్టి చూస్తే దాని పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నా చెయ్యి ఇంకా దాని నోటి మీదే ఉంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మేమే. మేం ముగ్గురం మూలకి పరిగెత్తి దాని మీదెక్కాం.

అరిచాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి, గోడలు అదిరేలా అరిచాను. "లేవండి! తలుపు తియ్యండి! పిల్ల చచ్చిపోతోంది!"

మా ఆయన ఇంకా తలుపుకి ఆనుకునే ఉన్నాడు. "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు. భుజంతో ఆయన్ని ఒక్క తోపు తోసి, పిల్లని ఎత్తుకుని, మధ్యగది దాటి ముందుగదిలో పడ్డాను. కాలు తగిలి బల్ల ఒరిగింది. చక్రాలన్నీ నేలపాలయ్యాయి. బావగారు లేచి నిలబడి ఉన్నారు. ఆయన చక్రాల వంక చూడలేదు. పిల్ల మొహం చూసి, "అయ్యో, ఏమైంది? ఏమైందమ్మాయ్?" అంటూ నాకంటే ముందు వీధిలోకి ఉరికి, ఎవరిదో ఆటో ఆపారు.

బతికింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి, సూదులు గుచ్చి, ఎలాగో బతికించారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు. "పిల్ల ఎందుకు భయపడింది? ఎవరైనా ఏమైనా చేశారా?" అని అక్కడి డాక్టరు అడిగితే, "ఎవరూ ఏమీ చెయ్యలేదండీ" అన్నాం మేం ముగ్గురం.

బెంచీ మీద నా పక్కన బావగారు కూర్చున్నారు.

"పిల్లకి ఇంత జబ్బుంటే నాకెవరూ చెప్పరేం?" అన్నారు. "అప్పుడు దగ్గు వినపడింది. లేచి చూద్దామనే అద్దం తీసి బల్ల మీద పెట్టాను. ఈలోగా ఇల్లంతా సద్దుమణిగింది. తగ్గిందనుకుని కూర్చుండిపోయాను."

లేచి చూద్దామని! నాకు నవ్వాలో, ఏడవాలో, ఆ గోడకి తల బాదుకోవాలో తెలియలేదు. ఎన్ని టక్‌లకి మేం ఎన్నిసార్లు చచ్చాం? వాటిలో ఎన్ని ఊరికే మెడ పట్టేసి తీసినవో, కళ్ళు మంటపుట్టి తీసినవో! ఆయన మీద జాలేసింది. మరుక్షణంలో కోపమొచ్చింది. మేకుకి వేలాడే కోటుకి కళ్ళు లేవు. ఈయనకి ఉన్నాయి కదా. ఆరేళ్ళ పిల్ల తిరిగే ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎందుకుందని ఇన్నాళ్ళలో ఒక్కసారైనా తలెత్తి చూడలేదేం? ఆ నిశ్శబ్దం ఆయనకి హాయిగా ఉంది. హాయిగా ఉన్నది ఎక్కణ్ణించి వస్తోందని ఎవరూ అడగరు.

"మేం వెళ్ళిపోతాం బావగారూ" అన్నాను.

"నేనేమన్నానమ్మాయ్?" అన్నారాయన.

"ఏమీ అనలేదు" అన్నాను. అది నిజమే కదా.

ఆసుపత్రి నుంచి నేరుగా వాచ్‌మన్ గదికే వచ్చాం. మా ఆయన నడుం పట్టుకుని మూటలు మోసుకొచ్చాడు. అక్క ఒకసారి వచ్చి పిల్లని చూసి, గుమ్మంలోనే ఏడ్చి వెళ్ళిపోయింది. గది షెడ్లకి దూరంగా గేటు పక్కన ఉంది. రేకులు, నాలుగు గోడలు, అటూ ఇటూ కిటికీలు, బోలెడు గాలి. లారీలు పోతుంటే గది గడగడలాడుతుంది. ఎంత చప్పుడు కావాలంటే అంత చప్పుడు చేసుకోవచ్చు. నేను కావాలని గిన్నెలు ఎత్తి పడేశాను. "దగ్గవే పిచ్చుకా, ఊరు అదిరేలా దగ్గు, ఎవడొస్తాడో చూస్తాను" అన్నాను. అది నా వంక చూసి తల ఊపింది. దిండు మాత్రం చంకలోంచి వదలలేదు.

కారకం తీసేశాం కదా, ఇక తగ్గిపోతుందనుకున్నాను. ఇల్లు మారింది, మనుషులు మారారు, టక్ లేదు. దగ్గు కూడా లేదు. నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఈల వినిపిస్తుంది, దగ్గు వినిపించదు. మొహం ఎర్రబడుతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, పెదాలు బిగించి మింగేస్తుంది. నేను దగ్గరికెళ్తే గోడవైపు జరుగుతుంది. నెత్తి నిమురుదామని చెయ్యి చాపితే చాలు, తన రెండు చేతులతో నోరు మూసుకుంటుంది.

ఒక మధ్యాహ్నం మేత పోసి, కాస్త తీరిక దొరికితే గదికొచ్చాను. మా ఆయన లేడు, గేటవతల లారీలో సరుకు దింపుతున్నారు, లెక్క చూస్తూ అక్కడున్నాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల దగ్గు వినిపించింది. ఖంగు ఖంగుమని, గుండెల్లోంచి, దిండూ గిండూ లేకుండా, హాయిగా. ఆ చప్పుడుకి నా ప్రాణం లేచొచ్చింది. తట్టకుండా వెళ్తే ఉలిక్కిపడుతుందేమోనని, షెడ్డు తలుపు తట్టినట్టే మెల్లగా టకటకా తట్టాను.

దగ్గు ఆగిపోయింది.

"నేనేనే, అమ్మని" అన్నాను. లోపల చాప మీద జరిగిన చప్పుడైంది, గోడవైపు. ఇంకేమీ లేదు. అప్పుడు తెలిసింది నాకు. దాన్ని బావగారి చెయ్యి ఎప్పుడూ తాకలేదు. దాని నోటి మీద పడింది నా చెయ్యే.

తలుపు తియ్యలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి, గేటు పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చున్నాను. ఎండ మాడ్చేస్తోంది. ఇంతలో డాక్టరమ్మ బండి గేట్లోకి వచ్చి నా ముందు ఆగింది.

"ఏంటమ్మా, గది పెట్టుకుని ఎండలో కూర్చున్నావ్?"

"పిల్లకి దగ్గొస్తోంది డాక్టరమ్మా."

"అయ్యో, మరి లోపలికెళ్ళి చూడు!"

"వెళ్తే ఆపేస్తుంది" అన్నాను. "కారకం బయట ఉండాలి కదా. అందుకే బయట కూర్చున్నాను."

ఆవిడ ఇంజను ఆపి దిగింది. నా పక్కన నేల మీద చతికిలబడింది. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి లోపల మళ్ళీ దగ్గు మొదలైంది.